హారను

మా ఇంట్ల సప్పుడుకు కొదువ లేదు. గోడకు డప్పు ఉండె. ఊర్ల పీర్ల పండుగైనా, సావైనా, చాటింపైనా మా నాయిన డప్పు మోగాలె. ఆ సప్పుడుకు ఊరంతా చెవులిచ్చేది. కాని మాకు దారి కావాలని, మా కోసం మేము ఏనాడూ సప్పుడు చెయ్యలేదు. ఈ సంగతి నాకు పుస్తకాల నుంచి తెలువలేదు. సైకిలుకు ఒక హారను చేసుకున్నంక తెలిసింది.

మాది తాండూరు దిక్కు పల్లె. భూమి తవ్వితే నాపరాయి, దున్నితే కంది. చేన్లు వాళ్లవి, బండలు తవ్వే చేతులు మావి. 1992ల నేను తాండూరుల ఇంటరు చదువుతుంటి. సెలవులల్ల గనిల పనిజేసి కూడబెట్టిన పైసలు పట్టుకొని వికారాబాదుకు రైలెక్కిన. మూడు వందలకు పాత సైకిలు కొన్న. రైల్ల ఏసుకొచ్చే పైసలు లేక తొక్కుకుంటనే వచ్చిన. దారి పొడుగుతా బెల్లు కొట్టిన. ఎదురుంగ మనిషి లేకున్నా కొట్టిన.

నాయిన సైకిలును చేత్తో తడిమి మురిసిండు. ఎంటనే, "కచ్చీరు కాడ దిగి నడిపించుకొని పో బిడ్డా" అన్నడు. ఆ మాటల కోపం లేదు, బాధ లేదు. వానొస్తే గొడుగు తీస్కపొమ్మన్నట్టే చెప్పిండు.

రోజూ దిగి నడిచేటోన్ని. ఒకనాడు పరీక్షకు ఆలస్యమైతుందని దిగలే. కచ్చీరు ముందట దారికడ్డంగ నిలబడ్డోళ్లకు బెల్లు కొట్టిన. ఒకాయన హ్యాండిలు పట్టుకొని, "ఎవనికి కొడ్తున్నవ్‌రా బెల్లు? మేం జరగాల్నా నీకు?" అన్నడు. బెల్లు మీది గిన్నె ఊడదీసి జేబుల ఏసుకున్నడు. పరీక్ష సగమే రాసిన.

ఇంకో బెల్లు కొనొచ్చు. కొంటే అదీ ఊడదీస్తరు. పదో తరగతి సైన్సు పుస్తకంల ఎలక్ట్రిక్ బెల్లు బొమ్మ ఉండె. ఆ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నోన్నే, ఎందుకు చేసుకోవద్దు అనిపించింది.

తాండూరుల బండల పాలిషు మిషన్ల మోటర్లు కాలిపోతుంటయి. వైండింగు చేసేటాయనను అడిగి పాత రాగితీగె తెచ్చి, ఒక ఇనుప బోల్టుకు కాయితం చుట్టి, దాని మీద రెండు వందల చుట్లు చుట్టిన. పలుకలే. కాలిన తీగెకు పైపూత పోతది, చుట్టుకు చుట్టు తాకి కరెంటు అడ్డదారిల పోతది అని ఆయనే చెప్పి, మిగిలిన కొత్త తీగె ముక్క ఇచ్చిండు. మళ్ల చుట్టిన. బోల్టుకు ఎదురుంగ హాక్సా బ్లేడు ముక్క బిగించిన. బ్లేడు వెనుక నుంచి ఒక స్క్రూ మొన తాకేటట్టు పెట్టిన. కరెంటు స్క్రూ నుంచి బ్లేడుకు, బ్లేడు నుంచి చుట్లకు పోతది. బోల్టు అయస్కాంతమై బ్లేడును గుంజుతది. గుంజంగనే స్క్రూ కాడ తెగుతది. తెగంగనే బ్లేడు వెనుకకు పోయి మళ్ల తాకుతది. ఇట్ల కన్నుమూసి తెరిచేలోపల ఎన్నోమార్లు. బ్లేడు కొస పోయి బూటు పాలిషు డబ్బా మూతకు కొట్టుకుంటది. అదే హారను.

స్క్రూ ఎక్కువ బిగిస్తే బ్లేడు అతుక్కపోయి మూగదైతది. వదులు చేస్తే తాకనే తాకదు. రెండు రాత్రులు దాంతోనే సరిపోయింది. మూడు సెల్లుల టార్చిలైటు గొట్టం సైకిలు బద్దెకు కట్టిన. తిరిగొచ్చే తీగెకు బదులు రంగు గీకి సైకిలు ఇనుమునే వాడిన. స్విచ్చుకు నాయిన చెప్పులు కుట్టంగ మిగిలిన తోలు ముక్క తీసుకొని, దాని మీద రెండు ఇత్తడి రేకులు బిగించి హ్యాండిలుకు కట్టిన. ఎండిన తోలుల నుంచి కరెంటు పోదు. నొక్కితే "బర్ర్..." మన్నది. అవ్వ పొయ్యికాడ నుంచి ఉరికొచ్చింది. నాయిన నవ్విండు. "ఊర్ల నొక్కకు" అన్నడు.

నా మీద నాకే నమ్మకం లేదు. చెయ్యి పొరపాటున తాకుతదేమోనని సీటు కింద తీగెను తెంపి రెండు కొక్కేలు పెట్టిన. ఊరు రాకముందే కొక్కెం ఊడదీసేది, ఊరు దాటినంక తగిలిచ్చేది. ఈ రెండో స్విచ్చు సంగతి ఎవరికీ చెప్పలే.

ఎండకాలం గనిల నాయిన పాదం మీద బండ పడ్డది. గని మా వాడ దిక్కునే. తాండూరు రోడ్డెక్కాలంటే ఊరి నడిమి నుంచే పోవాలె. తువ్వాల చుట్టి, క్యారియరు మీద కూసోబెట్టుకొని తొక్కిన. కచ్చీరు కాడ దారికడ్డంగ బండి, చుట్టూ మనుషులు. నేను దిగితే నాయిన పడతడు. నాయిన నిలబడలేడు. అందరు చూస్తున్నరు గాని ఎవరూ జరగలే.

వెనుక నుంచి నాయిన, "నొక్కు బిడ్డా" అన్నడు.

నొక్కిన. సప్పుడు రాలే. కొక్కెం నేనే ఊడదీసి పెట్టిన గద. ఒక కాలు భూమికానిచ్చి, నాయిన చూస్తుండంగ సీటు కింద చెయ్యిపెట్టి తగిలిచ్చిన. సిగ్గుతోని చెయ్యి వణికింది. మళ్ల నొక్కిన. ఎడ్లు బెదిరినయి, మనుషులు ఉలిక్కిపడి జరిగిన్రు. మర్యాదకు కాదు, ఆ సప్పుడు అలవాటు లేక. దారైతే దొరికింది.

నాయిన కట్టు ఇప్పకముందే కచ్చీరుకు పిలిచిన్రు. "ఏమ్‌రా, నీ కొడుకు మా మీదికి హారను కొడ్తడా?" నాయిన కట్టె మీద ఆనుకొని, "బెల్లు మీ ఇంట్లనే ఉండె గద పటేలా. అదిస్తే హారను తీపిస్త" అన్నడు. యాభై రూపాయల దండుగ ఏసిన్రు. కట్టలే. ఆ యేడు కందిచేన్లకు మా ఇంటోళ్లను కూలికి పిలువలే. నాయిన కాలు బాగయ్యేదాక అవ్వ గనిల బండలు మోసింది. హారను ఖరీదు అవ్వ కట్టింది.

రాజ్యాంగం 15వ అధికరణం బావుల పక్కన, చెరువుల పక్కన రోడ్ల పేరు కూడా పెట్టి రాసిందని తర్వాత చదివిన. 1989 అత్యాచారాల నిరోధక చట్టం అప్పటికే అమలుల ఉండె. ఆ చట్టం సప్పుడు మా వాడకు ఇనరాలే. 1901ల చిన్నప్పటి అంబేద్కరును ఎక్కించుకున్న బండాయన, మైల పడతనని పగ్గాలు పిల్లల చేతికిచ్చి పక్కన నడిచిండని చదివినప్పుడు నా సైకిలు యాదికొచ్చింది. 1994 జులై 7న ఈదుమూడిల మాదిగ దండోరా పుట్టింది. కొన్నాళ్లకు నాయిన డప్పు భుజానేసుకొని మీటింగుకు పోయిండు. చాటింపుకు కాదు, సావుకు కాదు. తన కోసం కొట్టొచ్చిండు.

2016 నుంచి మాది వికారాబాద్ జిల్లా. మా వాడ పిల్లలు మోటరుసైకిళ్ల మీద హారను కొట్టుకుంట కచ్చీరు ముందట నుంచే పోతరు. ఈ కథ చెప్తే నవ్వుతరు. నవ్వాలె గూడ. కాని చదువుకున్న తమ్ముండ్లకు, చెల్లెండ్లకు ఒక మాట. బెల్లు ఊడదీసింది వాళ్లే. సీటు కింద కొక్కెం పెట్టింది మాత్రం నేను. ఆఫీసుల, కాలేజీల నోటిదాకా వచ్చిన మాట ఆగిపోతే, ఒకసారి సీటు కింద చెయ్యిపెట్టి చూసుకోండ్రి.

దవాఖాన నుంచి వచ్చిన రాత్రే నేను ఆ కొక్కేలు తీసి పారేసిన. రెండు కొసలు కలిపి గట్టిగ మెలేసిన.