పాత తీగ – క్రొత్త యంత్రము

క్రొత్త వస్తువు వచ్చినంతనే పాతది పనికిమాలినదగునని తలంచుట నేటి లోకమున పరిపాటియైనది. ఈ తలంపునం దెంత నిజమున్నదో యీ యేడు మన పాఠశాలలో జరిగిన యొక చిన్న కార్యమువలన మాకు విశదమైనది. అది విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును గూడ నుపయోగపడునని యెంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన విజ్ఞానసంఘమునకు పూర్వవిద్యార్థి యొకరు కొన్ని యేండ్ల క్రిందట 20 ఎలక్ట్రానిక్ బోర్డులను బహూకరించిరి. ఒక్కొక్క బోర్డుమీద ఏటీమెగా8 అను చిప్పు గలదు. పిల్లలు వ్రాసిన ప్రోగ్రామును దానిలోని కెక్కించినచో అది దీపములను వెలిగించును. నీటితొట్టి నిండిన వెంటనే గంట మ్రోగించును. ప్రోగ్రాము నెక్కించుటకు బోర్డులతోడనే యొక తీగయు వచ్చినది. దాని యొక కొనయందు బోర్డునకు తగిలించు 10 రంధ్రముల చిన్న కనెక్టరు, రెండవ కొనయందు 25 పిన్నుల పెద్ద కనెక్టరు నున్నవి. ఈ పెద్దది కంప్యూటరు వెనుక, పూర్వము ప్రింటరును తగిలించుచుండిన ప్యారలల్ పోర్టులో నమరవలెను.

ఈ యేడు ప్రయోగశాలకు వచ్చిన క్రొత్త కంప్యూటర్లకు ఆ పోర్టు లేదు, యు.ఎస్.బి. పోర్టులు మాత్రమే యున్నవి. పాత కంప్యూటర్లలో నొక్కటి తప్ప తక్కినవన్నియు చెడిపోయినవి. ఆ యొక్కటియు ఆఫీసుగది మూలను పాతసామానుల వర్తకుని కొఱకు వేచియుండెను. బోర్డులనుగూడ దానితోనే పంపివేయుదమని కొంద ఱనిరి. సగము చేసిన పనిని విడువనొల్లక 9వ తరగతి పిల్లలు మాయొద్దకు వచ్చిరి. క్రొత్త బోర్డులకై తల్లిదండ్రులను మరల చందా యడుగుటకు మాకు మనసొప్పలేదు.

ఇంతలో నొక బాలుని తండ్రిగారు తమ సంపాదనలోనుండి యొక మార్పిడితీగను కొనితెచ్చిరి. దాని కొకప్రక్క యు.ఎస్.బి., రెండవప్రక్క 25 రంధ్రములు గలవు. తీగ చక్కగా నమరినది గాని చిప్పు పలుకలేదు. “మాస్టరుగారూ, పిన్నులన్నియు సరిగా దిగినవి గదా, పని యేల జరుగదు?” అని వారడిగిరి. ప్రశ్న మిక్కిలి మంచిది. అందఱును తెలిసికొనదగిన సంగతి యందే యున్నది.

1981లో ఐ.బి.ఎం. వారి పర్సనల్ కంప్యూటరు వెలువడినప్పుడు ప్రింటరు కొఱకు 25 రంధ్రముల పోర్టును వాడిరి. అందు 8 తీగలు అక్షరమును పంపుటకు, 5 ప్రింటరునుండి వర్తమానము తెచ్చుటకు, 4 దాని నదుపులో నుంచుటకు, తక్కిన 8 భూమితీగలు. కంప్యూటరులో నీ పోర్టునకు సాధారణముగా 378 అను చిరునామా యుండెడిది. ఆ చిరునామాలో నొక సంఖ్యను వ్రాసినంతనే తీగలు 5 వోల్టులకు లేచుటయో, సున్నకు దిగుటయో జరుగును. ఈ సౌకర్యమును గ్రహించిన పనివారు ప్రింటరుతో నిమిత్తము లేకుండ నొక తీగను తాళము వేయుటకు, ఒకదానిని ప్రోగ్రామును పంపుటకు, ఒకదానిని చిప్పును ఆపియుంచుటకు, ఒకదానిని జవాబు వినుటకు నియమించుకొనిరి. మన తీగలో నున్నది 74హెచ్‌సీ244 అను నొక చౌక చిప్పు మాత్రమే, తెలివియంతయు కంప్యూటరులోనిదే.

తోలుబొమ్మలాటను చూచినవారి కీ భేదము సులభముగా బోధపడును. ఆటగాడు బొమ్మకు గట్టిన పుల్లలను స్వయముగా చేతబట్టి, ఎత్తవలసిన క్షణముననే యెత్తును. ప్యారలల్ పోర్టు అట్టిది. 1996లో వెలువడిన యు.ఎస్.బి. యన్ననో తపాలా వంటిది. అందు కంప్యూటరు పుల్లలను చేతబట్టదు. సమాచారమును పొట్లములుగా కట్టి పంపును. ఆ తండ్రిగారు తెచ్చిన తీగలోని చిప్పు పొట్లమును విప్పి, అక్షరములను ప్రింటరున కందజేయును. అది నేర్చిన పని యదొక్కటే. “ఇప్పు డీ తీగ నెత్తుము, ఇప్పు డా తీగను దింపుము” అని దానికి చెప్పుటకు మార్గము లేదు. మన ప్రోగ్రాము వెదకు 378 అను చిరునామాయు అచ్చట లేదు.

సీరియల్ పోర్టు సంగతి వేరు. 1960లో మొదట ప్రకటింపబడిన ఆర్.ఎస్.232 నియమము ననుసరించి అక్షరములు ముందుగా నొప్పుకొనిన వేగముతో నొకదానివెంట నొకటి నడచును. అదియు నుత్తరము వంటిదే గనుక తపాలాలో పోగలదు. కావున 9 పిన్నుల సీరియల్ తీగగల తూనికయంత్రములు మొదలగునవి యు.ఎస్.బి. మార్పిడితో సాధారణముగా పనిచేయును. అయిన నొక జాగ్రత్త వలయును: ఆ నియమమున సంకేతములు 3 మొదలు 15 వోల్టులవరకు ధనముగను ఋణముగను నుండును. వానిని 5 వోల్టుల చిప్పునకు నేరుగా కలిపినచో చిప్పు చెడిపోవచ్చును.

“సీరియల్ మార్పిడితీగలోని అదుపుతీగలను తపాలామూలముననే యొక్కొక్కసారి యెత్తి దింపరాదా?” అని బాలిక యొకతె యడిగెను. చేయవచ్చును గాని లెక్క చూడుడు. మన చిప్పులో 8,192 బైట్లు పట్టును. ఒక్కొక్క బైటునకు 4 బైట్ల ఆజ్ఞ, అనగా 32 బిట్లు పంపవలెను. మొత్తము 2,62,144 బిట్లు. ప్రతి బిట్టునకు తాళపు తీగ నొకసారి యెత్తి యొకసారి దింపవలెను. అవి 5,24,288 కదలికలు. ఒక్కొక్క కదలికకు సెకనులో వెయ్యవవంతు పట్టినను దాదాపు 9 నిమిషము లగును. జవాబుకొఱకు నిలిచిన నింకను ఆలస్యము.

కావున చేయదగిన దేమనగా, బొమ్మ ప్రక్కనే యొక ఆటగానిని కూర్చుండబెట్టి, కథయంతయు వానికి తపాలాలో పంపుట. థామస్ ఫిష్ల్ అను నతడు నిర్మించి, పటమును ప్రోగ్రామును అందఱికి నుచితముగా నొసంగిన యు.ఎస్.బి. ఏ.ఎస్.పి. అను పరికర మిట్టిదే. అందు గల చిప్పు కంప్యూటరునుండి పొట్లము నందుకొని, తీగలను తానే వేగముగా కదల్చును. అది బజారులో సిద్ధముగాను దొరకును; కాని దాని చిప్పును మన ఏటీమెగా8యే యగుటచే పిల్లలు స్వయముగా చేయుదు మనిరి. 12 మెగాహెర్ట్జుల స్ఫటికమును, కొన్ని రెసిస్టరులను, కెపాసిటరులను చేర్చి టంకము వేసిరి.

అయితే క్రొత్త చిప్పు తెల్లకాగితము వంటిది. ఆటగానికి ముందుగా నాట నేర్పవలెను; నేర్పుటకు పాత తీగయే శరణ్యము. ఆఫీసుగది మూలనున్న కంప్యూటరును దులిపి, ఆ తీగతో రెండు చిప్పులకు ప్రోగ్రాము నెక్కించితిమి. వర్తకుడు మఱునాడే వచ్చెను. రెండు చేయుటకు కారణమేమనగా, ఒకటి చెడినచో రెండవది దాని స్థానమున మఱియొక దానిని సిద్ధపఱుపగలదు. ఇప్పుడు 20 బోర్డులును క్రొత్త కంప్యూటర్లతో పనిచేయుచున్నవి. తండ్రిగారి తీగయు వ్యర్థము కాలేదు. ఆఫీసులోని డాట్ మ్యాట్రిక్సు ప్రింటరు దానితోనే క్రొత్త కంప్యూటరునకు కలిసి, జీతపు రసీదులను ముద్రించుచున్నది. అది దాని స్వధర్మము.

విద్యార్థులారా, పరికరము పనిచేయనప్పుడు పాతదని త్రోసివేయకుడు. పిన్నులు దిగినంతమాత్రమున పని జరుగుననియు నమ్మకుడు. ఏ తీగ యే పని చేయుచున్నదో, ఎవరు ఎవరితో ఏ భాషలో మాటాడుచున్నారో ముందుగా విచారింపుడు. మఱియు పాతదానిని సాగనంపుటకు ముందు, దాని పనిని క్రొత్తదానికి నేర్పించితిమా యని యొకసారి ప్రశ్నించుకొనుడు. ఆ యొక్క గంట పని ఈ యేడు 20 బోర్డులను, తల్లిదండ్రుల ధనమును కాపాడినది.