ట్యాంకుకి దిక్కు, నీటికి మట్టం

భిలాయిలో మా మేడమీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఉంది. నిండిందని తెలిసేది గోడ వెంట నీళ్ళు కారినప్పుడే. లెవెల్ ఇండికేటర్ పెడదామంటే పక్కింటాయన వద్దన్నారు. ట్యాంకు నైరుతిలో లేదట, ఏ మీటరూ నిలవదట.

నిలవదంటే ఎన్నాళ్ళకి, ఎలా పాడవుతుందండీ? జవాబు లేదు.

మీటర్లు పాడవడానికి వేరే కారణాలున్నాయి. నీళ్ళలో మునిగే లోహపు కడ్డీల మధ్య డీసీ కరెంటు నడిస్తే విద్యుద్విశ్లేషణ వల్ల ఒక కడ్డీ తినుకుపోతుంది. బోరు నీటిలోని సున్నం కూడా పేరుకుంటుంది. అల్ట్రాసోనిక్ రకం, ధ్వని వెళ్ళి తిరిగొచ్చే సమయాన్ని కొలుస్తుంది. దాని ముఖాన నీటి చుక్కలు పడితే తికమకపడుతుంది, మరీ దగ్గరకొచ్చిన నీటిని పసిగట్టలేదు. ఫ్లోటు కూడా ఇరుక్కోవచ్చు. కానీ మూత తీస్తే ఇరుక్కున్నది కంటికి కనబడుతుంది. అందుకే దాన్నే ఎంచుకున్నాను.

పీవీసీ గొట్టానికి మూడు ఫ్లోట్లు బిగించి, నీళ్ళు పడే చోటికి దూరంగా నిలబెట్టి, వైరు వంటింట్లోకి దింపాను.

1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు మొదలైన ఊరిది. అందులో సరుకు ఎంత ఎత్తున ఉందో స్టాక్ రాడ్ దింపి కొలుస్తారు, ముహూర్తం చూసి కాదు. ఆ ప్లాంటులోనే రిటైరయ్యారు మా పక్కింటాయన!

ఆయన చేతే ట్యాంకులోకి కర్ర దింపించాను. 'సగం' లైటు వెలిగేసరికి కర్ర మీద తడి సగానికి రెండంగుళాలు తక్కువుంది. ఫ్లోటు రెండంగుళాలు పైకి జరిపాం. నైరుతి సంగతి ఆయనింకా వదల్లేదు. కర్ర మాత్రం వాళ్ళ ట్యాంకు కోసం పట్టుకెళ్ళారు.