ప్రకటనల రాతగాడు

ప్రకటనలకు మాటలు కూర్చువాని వృత్తి చిరకాలము నిలుచునా యని యోచించునపుడెల్ల నాకు గుడివాడ ప్రాంతపు ఎలకుర్రు స్ఫురించును. అచట 1867లో జన్మించి, బందరులో చదివి, బొంబాయి చేరి 1893లో అమృతాంజనమును వెలయించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు సంగీతసభలలో దానిని ఉచితముగ పంచిపెట్టి, దాని వాసనచేతనే ప్రచారము సాధించిరి. 1908లో ఆంధ్రపత్రికను స్థాపించిన పిమ్మట సరకును, ప్రకటనకు తావును రెండును వారి చేతనే యుండెను. అంగడియు తనదైనవానికి అక్షరము స్థిరమే. కూలికి వ్రాయువాని సంగతి వేరు.

దివిసీమలోని అవనిగడ్డకు డీఎస్సీ శిక్షణకై దూరప్రాంతములనుండి అభ్యర్థులు వత్తురు. ‘ఈసారి కొలువు మీదే’ యని గులాబిరంగు కరపత్రమునకు వాక్యము కూర్చినవానికి నోటిఫికేషను వెలువడిన మాసములలో తీరిక యుండదు, తక్కిన కాలమున పిలుపుండదు. ఊరినెల్ల సర్కారు కొలువుతో ఊరించు ఆ మహానుభావునకు నెలజీతమే లేదు! చిలకలపూడి రోల్డుగోల్డు నగల వర్తకుడో, పండుగ ప్రకటనను నేడు సెల్‌ఫోనులోని యంత్రముచేతనే క్షణములో వ్రాయించుకొనగలడు. అయినను, బేరమాడు ఇల్లాలు ఏ మాటకు మెత్తబడునో దుకాణపు అరుగుపై కూర్చున్నవానికి తెలిసినంతగా ఆ యంత్రమునకు తెలియదు. కావున ఈ పనికి రాదలచిన కుర్రవారిని నేను వలదనను. డీటీపీ కూడ నేర్చుకొమ్మందును, కలము పట్టకముందే బయానా పుచ్చుకొమ్మందును.