శ్రీలకు కరువొచ్చిన శ్రావణం

మొన్నామధ్య ఆఫీసు పని మీద నాలుగు రోజులు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండాల్సి వచ్చింది. మా టీంలో ఒక డిజైనర్ అమ్మాయి ఉంది, ఫాంట్ల పిచ్చి. "అంతదూరం వెళ్తూ లెటర్‌ఫార్మ్ ఆర్కైవ్ చూడకుండా రాకు. ముందే అపాయింట్‌మెంట్ తీసుకో" అంది. "అక్షరాలకి కూడా మ్యూజియమా?" అని నవ్వాను. "వెళ్ళొచ్చి నవ్వు" అంది.

సరే, ఒక మధ్యాహ్నం ఖాళీ చేసుకుని వెళ్ళాను. డాగ్‌ప్యాచ్ అని, ఒకప్పుడు ఫ్యాక్టరీలుండే పేటలో ఉంది. రాబ్ సాండర్స్ అనే ఆయన కొన్ని దశాబ్దాల పాటు సొంతంగా పోగేసిన పుస్తకాలు, పోస్టర్లు, చేతిరాతలు, అచ్చక్షరాల నమూనాలతో 2015లో దీన్ని తెరిచారు. లాభాపేక్ష లేని సంస్థ. ఇప్పుడు లక్షకి పైగా వస్తువులున్నాయిట. 2020లో చాలావాటిని ఫోటోలు తీసి ఎవరైనా ఉచితంగా చూసుకునేలా ఇంటర్నెట్లో పెట్టారు కూడా. విశేషమేమిటంటే, అన్నీ అద్దాల వెనక దాచేసి "దూరంగా నిలబడి చూడండి" అనరు. బల్ల మీద పరిచి మనల్నే పేజీలు తిప్పుకోమంటారు. చేతులు మాత్రం శుభ్రంగా కడుక్కోవాలి.

కడుక్కుంటుంటే నవ్వొచ్చింది. మా ఇంట్లో అక్షరాల్ని ముట్టుకున్నాక కడుక్కునేవాళ్ళం. అదీ కిరసనాయిలుతో.

మా నాన్నగారికి తెనాలిలో చిన్న అచ్చాఫీసు ఉండేది. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, ఎలక్షన్లొస్తే కరపత్రాలు. ఒక ట్రెడిల్ మెషిను, గోడ పొడుగునా కేసులు, ఒక కంపోజిటర్. ఆయన్ని నేను బాబాయి అనేవాణ్ణి. మనం కంప్యూటర్లో అప్పర్ కేస్, లోయర్ కేస్ అంటుంటామే, ఆ మాటలు పుట్టింది ఈ చెక్క కేసుల నుంచే. పెద్ద అక్షరాలు పై కేసులో, చిన్నవి కింది కేసులో. ఇంగ్లీషుకి ఆ రెండూ చాలు. తెలుక్కి చాలవు. క, కా, కి, కీ, కు... ఇలా ప్రతి హల్లుకీ గుణింతం రూపాలు, వాటికి తోడు వత్తులు. వందల గళ్ళు. బాబాయి చూడకుండానే ఏ గడిలో చెయ్యి పెట్టాలో అందులోనే పెట్టేవాడు. సీసపు అక్షరాలు అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటాయి కదా, ఆ వరసని మనం పేపరు చదివినంత తేలిగ్గా చదివేవాడు. అచ్చయిపోయిన అక్షరాల్ని మళ్ళీ వాటి గళ్ళల్లో వెయ్యడం నా వేసవి సెలవుల పని. 'ష' గడిలో 'ప' వేస్తే నెత్తిన ఒక మొట్టికాయ.

ఆర్కైవ్ వాళ్ళు ముందుగా డ్విగ్గిన్స్ అనే పాతతరం అమెరికన్ డిజైనర్ సామాను చూపించారు. ఎలక్ట్రా, కాలిడోనియా అనే పేరున్న ఫాంట్లు ఆయన గీసినవే. పోయింది 1956లో. నన్ను ఆపేసింది ఆయన అచ్చేసిన పుస్తకాలు కాదు. పెన్సిల్ గీతలు, కొట్టివేతలు, నగిషీల కోసం చేత్తో కత్తిరించుకున్న స్టెన్సిల్ ముక్కలు. మా ఇంట్లో అయితే వీటిని చిత్తు అంటాం, పొయ్యిలో వేస్తాం.

ఆ తర్వాత 'ఎమిగ్రే' పత్రిక. ఎమిగ్రే అంటే వలసపోయినవాడు. నడిపింది నెదర్లాండ్స్ నుంచి వచ్చిన రూడీ వాండర్లాన్స్, బ్రాటిస్లావాలో పుట్టిన జుజానా లిచ్కో అనే దంపతులు. 1984 నుంచి 2005 దాకా 69 సంచికలు. మకింటోష్ కంప్యూటర్ వచ్చిన కొత్తల్లోనే ఆవిడ దాని మీద గళ్ళు గళ్ళుగా కనపడే అక్షరాలు తయారుచేసింది. వాళ్ళు దాచుకున్నదంతా ఇప్పుడు ఇక్కడే ఉంది. చేత్తో గీసిన డ్విగ్గిన్స్, కంప్యూటర్తో గీసిన లిచ్కో ఒకే కప్పు కింద, గొడవ లేకుండా.

మా ఇంట్లో గొడవయింది మరి.

1999లో నేను అమీర్‌పేటలో కోర్సు పూర్తిచేసి, వీసా చేతికొచ్చిన ఊపులో ఉన్నాను. "ఈ సీసం మోత ఇంకెన్నాళ్ళు నాన్నా? అమ్మేసి ఒక కంప్యూటరు, ఒక లేజర్ ప్రింటరు కొనండి. డీటీపీలో అరగంట పని ఇది" అన్నాను. ఆయన నెల్లాళ్ళు మాట్లాడలేదు. తర్వాత పాతసామాన్లవాణ్ణి పిలిపించారు. ముప్ఫయ్యేళ్ళ అక్షరాలు ఒక్క మధ్యాహ్నంలో గోతాల్లో పడి, కాటా మీద తూగి, కరగడానికి వెళ్ళిపోయాయి. బాబాయి గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. నేను చెప్పింది తప్పని ఇప్పటికీ అనను, కంప్యూటరు కొనకపోతే ఆ షాపు అప్పుడే మూతపడేది. కానీ కొత్తది కొనమన్నవాణ్ణి, పాతదాంట్లో ఒక్క కేసన్నా ఉంచమని అనలేకపోయాను. ఆ ఆలోచనే రాలేదు.

ఆ రాత్రి హోటల్ నుంచి ఫోన్ చేశాను.

"ప్రెస్సు సామాను ఏమన్నా మిగిలిందా నాన్నా?"

"ఏం మిగుల్తుందిరా, నువ్వేగా అమ్మెయ్యమన్నావు" అన్నారు. నిష్ఠూరమేమీ లేదు, వాతావరణం ఎలా ఉందో చెప్పినట్టు చెప్పారు. అందుకే ఎక్కువ తగిలింది. కాసేపాగి, "శుభలేఖల శాంపిల్ ఆల్బం ఉంది. మీ అమ్మ పాత పేపర్లలో వేసేస్తానంటే అటకెక్కించాను" అన్నారు.

మర్నాడు వీడియోలో చూపించారు. కళ్ళజోడు పెట్టుకుని ఒక కార్డు దగ్గర ఆగారు. "ఇది చూడు, 1986 శ్రావణం. ఆ వారం పదకొండు పెళ్ళిళ్ళు. శ్రీలు అయిపోయాయి. చివరి పేరు ముందు శ్రీ లావుగా లేదూ? మీ బాబాయి బోల్డు కేసులోంచి తెచ్చి పెట్టాడు. పెళ్ళివారు గమనించలేదులే. నాకు మాత్రం ఆ పెళ్ళి భోజనం సయించలేదు."

కంప్యూటర్లో శ్రీలు అయిపోవు. ఇరవయ్యేళ్ళుగా ఈ రంగంలో ఉండి కూడా ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు.

అప్పట్నించి ప్రతి శనివారం రాత్రి నేనిక్కడ, ఆయనక్కడ కూర్చుని ఒక్కో కార్డూ చూస్తున్నాం. ఆయన చెప్పేది నేను రాసుకుంటున్నాను. ఇప్పటికి పదిహేడయ్యాయి. మీ ఊళ్ళో పాత అచ్చాఫీసేదైనా మూసేస్తున్నారని తెలిస్తే, అన్నీ తూకానికి వేసేలోపు ఒకసారి వెళ్ళి చూడండి, శాంపిల్ ఆల్బమైనా అడిగి తెచ్చుకోండి. ఆ రాసినవాళ్ళుంటే వాళ్ళని కూడా కదిలించండి.

ఎందుకంటే కొన్ని కార్డుల దగ్గర నాన్న ఆగిపోతారు. "ఇదెలా చేశాడో మీ బాబాయినే అడగాలిరా" అంటారు. బాబాయి పోయి ఆరేళ్ళయింది. ఆ కార్డు నంబరు వేసి, ఎదురుగా ఖాళీ వదిలి, తర్వాతి దానికి వెళ్తున్నాం.