తనది కాని యిల్లు

భారతమున అరణ్యపర్వము చదివిన సోదరీమణులకు ద్రౌపదీ సత్యభామల సంవాదము జ్ఞాపకముండకపోదు. భర్తలు నీ మాట మీఱకుండుటకు ఏ మందు పెట్టితివని సత్యభామ యడుగగా, మందును కాదు, మంత్రమును కాదు, ఇల్లు చక్కపెట్టుకొంటినని ద్రౌపది బదులు చెప్పెను. ఇంద్రప్రస్థమున పరిచారకు లెందఱో, వారిలో నెవరు తినిరో, ఎవరు తినలేదో, ధర్మరాజు బొక్కసమునకు రాబడి యెంతో, వ్యయమెంతో సర్వమును తానే యెఱిగి నడపినట్లు ఆమె వివరించెను. చిన్ననాట నాయనగారియొద్ద ఆ ఘట్టము చదువుకొన్నపుడు ఆమె నేర్పునకే అబ్బురపడితిని. ఆ మాటలు ఆమె అడవిలో నుండి చెప్పుచున్నదనియు, అప్పటికి ఆ యిల్లు ఆమెది కాదనియు నాకు తట్టినది ఇటీవలనే.

కారణము వినుడు. మా పెద్దమ్మాయి బడిలో ప్రశ్నోత్తరముల పోటీ పెట్టిరి. అమెరికా అధ్యక్షులు, వారు కాపురముండు శ్వేతసౌధము అందలి విషయములు. మావారు బడి గ్రంథాలయమునుండి నాలుగు పుస్తకములు తెచ్చి, "పిల్లచేత నీవే చదివింపుము" అని నా కప్పగించిరి. నాకు కొఱుకుడు పడని చోట్ల ఆయన విడమరచి చెప్పిరి. రాత్రి భోజనములైన పిమ్మట నేను ప్రశ్నలడుగుట, అది జవాబులు చెప్పుట.

శంకుస్థాపన యెప్పుడు? 1792 అక్టోబరు 13. కట్టించిన శిల్పి యెవరు? ఐర్లాండు దేశస్థుడగు జేమ్స్ హోబన్. మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టను ఆ యింట నెన్నియేండ్లుండెను? ఒక్కనాడును లేడు. అతడు 1799లో మరణించెను. ఇల్లు 1800లో గాని కాపురమునకు అందలేదు. శ్వేతసౌధమను పేరును అధికారికముగా స్థిరపఱచిన దెవరు? 1901లో థియొడోర్ రూజ్వెల్టు. గదులెన్ని? 132. తలుపులెన్ని? 412.

అంతలో పిల్ల నన్నే యడుగ మొదలిడినది. "అమ్మా! ఆ యింటికి అద్దె యెంత? ఉతికిన బట్టలు వారెక్కడ ఆఱవేసుకొందురు?" ఇట్టి ప్రశ్నలు పోటీలో నడుగరు. కాని నాకును కావలసినవి అవియే. మే మప్పటికి బదిలీ ఉత్తరువు వచ్చి సామాను సర్దుకొనుచుంటిమి. పెండ్లియైన పదునాఱేండ్లలో ఇది మాకు ఆఱవ అద్దె యిల్లు.

ఆ యింటికి అద్దె లేదు. కాని తిండి ఉచితము కాదు. రాజ్యకార్యముగా జరుగు విందుల వ్యయము ప్రభుత్వము భరించును. కుటుంబము దినదినము తిను తిండికిని, సొంత చుట్టములకు పెట్టు భోజనములకును మాత్రము నెలనెలా పట్టీ వచ్చును. దానిని అధ్యక్షుడు తన డబ్బుతో చెల్లింపవలెను. "అయితే మనవలెనే" అని పిల్ల నవ్వినది.

బట్టల ప్రశ్నకు జవాబు రెండవ అధ్యక్షుని భార్య యగు అబిగెయిల్ ఆడమ్స్ తన కూతునకు వ్రాసిన జాబులో దొరకినది. 1800 నవంబరులో ఆమె ఆ యింట గృహప్రవేశము చేసినపుడు లోపలి పని ఇంకను పూర్తికాలేదు. వాకిట దడి లేదు. పనివారిని పిలుచుటకు గంటలు లేవు. చుట్టును అడవియే యైనను కట్టెలు కొట్టువారు దొరకక కట్టెలకు కఱవు. కొలువుకూటమునకై యుద్దేశించిన తూర్పు మహాగదిలో ఆమె ఉతికిన బట్టలు ఆఱవేయించుచుండెను! ఈ యిబ్బందులన్నియు ఏకరువు పెట్టి, వీనిని నీలోనే యుంచుకొనుము, ఎవరైన నడిగినచో ఇల్లు బాగున్నదని చెప్పుమని కూతునకు బోధించెను. నాకు నవ్వు వచ్చినది. క్రొత్తకాపురమునకు పోయినపుడు నేనును మా అమ్మకు జాబు వ్రాసితిని. ఇల్లు గాలి, వెలుతురు కలిగియున్నదని వ్రాసితిని గాని, కప్పున పెంకులు లేని సంగతి వ్రాయలేదు.

ఇంతకును అబిగెయిలమ్మ ఆ యింట నాలుగు నెలలైన నిండుగా నుండలేదు. భర్త ఎన్నికలో ఓడిపోగా సామాను సర్దుకొని స్వగ్రామమునకు పోయెను.

ఆ తెల్లని గోడల వెనుక నల్లని కథ యొకటి కలదు. రాతిని త్రవ్వి తీసినవారిలోను, ఇటుక కాల్చినవారిలోను, కఱ్ఱ కోసినవారిలోను బానిసలు పెక్కండ్రుండిరి. పని వారిది, కూలి వారి యజమానులది. మయసభను వర్ణింపగా వింటిమి గాని, దానికి మన్ను మోసినవారి పేరు లెవరికి తెలియును?

పేరు తెలిసిన బానిస యొకడు నా మనస్సున నిలిచిపోయెను. 1814 ఆగస్టులో ఆంగ్లసేనలు దండెత్తి వచ్చి ఆ యింటికి నిప్పు పెట్టినవి. నాటి అధ్యక్షుని భార్య డాలీ మాడిసన్ తాను పాఱిపోవు తొందరలో గూడ వాషింగ్టను నిలువెత్తు చిత్రపటము శత్రువుల చేతబడరాదని ఆజ్ఞాపించెను. ఆమెయే పటమును కోసి చంకబెట్టుకొని పోయినట్లు జనులు చెప్పుకొనిరి. ఆ యింట బానిసగానున్న పదునైదేండ్ల పాల్ జెన్నింగ్సు ఆనాడు భోజనపు బల్ల సిద్ధము చేసినవాడు. అతడు 1865లో అచ్చయిన తన స్మృతులలో, పటమును దింపినవారు ద్వారపాలకుడును తోటమాలియు నని స్పష్టముగా చెప్పెను. ఆజ్ఞ యామెది, చేతులు వారివి.

కథ అంతటితో ముగియలేదు. భర్త పోయిన పిమ్మట డాలీ మాడిసను దారిద్ర్యమున బడెను. తన సొత్తుగా నుండిన జెన్నింగ్సును ఆమె అమ్మివేసెను. 1847లో స్వతంత్రుడైన యతడు, క్రొత్త యజమాని యింటినుండి ఆమెకు వెచ్చముల బుట్ట కొనిపోవుచుండెననియు, ఒక్కొక్కప్పుడు తన జేబులోనిదే కొంత డబ్బు ఇచ్చుచుండెననియు వ్రాసికొనెను. ఈ భాగము పిల్లకు చదివి వినిపించునపుడు నాకు గొంతు పట్టుకొనినది. ఆ యింటికి అసలైన యజమాని యెవరో మీరే చెప్పుడు.

దుఃఖమునకును ఆ 412 తలుపులు అడ్డము కాలేదు. 1862 ఫిబ్రవరిలో అబ్రహాము లింకను కుమారుడు, పదునొకండేండ్ల విల్లీ, ఆ యింటనే జ్వరముతో మరణించెను. తల్లి మేరీ లింకను ఆ పిల్లవాడు ప్రాణము విడిచిన గదిలో మరల నడుగిడలేదు. ఈ సంగతి వ్రాసినది ఆమెకు దుస్తులు కుట్టు ఎలిజబెత్ కెక్లీ. ఆమె బానిసగా పుట్టి, తన స్వేచ్ఛను తానే కొనుక్కొన్న స్త్రీ. అంతకుముందు సంవత్సరమే ఆమె యొక్కగానొక్క కొడుకు యుద్ధమున మడిసెను. ఒక తల్లిని ఇంకొక తల్లి యోదార్చెను.

మాది బడిపంతులుగారి కుటుంబము గనుక, అందఱిలోను అబిగెయిల్ ఫిల్మోరు నాకు మిక్కిలి ఆప్తురాలైనది. ఆమె పంతులమ్మ. తనయొద్ద చదువుకొన్న మిల్లార్డు ఫిల్మోరునే 1826లో పెండ్లాడెను. 1850లో అతడు అధ్యక్షుడు కాగా, ఆ యింట అడుగిడిన ఆమెకు అధ్యక్షులందఱికిని ఉపయోగపడు స్థిరమైన గ్రంథాలయ మొక్కటియు లేదని తెలిసి ఆశ్చర్యము కలిగెను. శాసనసభవారు 2000 డాలర్లు మంజూరు చేసిరి. మేడమీది కోడిగ్రుడ్డు ఆకారపు గదిలో ఆమె పుస్తకములు కూర్పించెను. 1853 మార్చి 4న ఆ యిల్లు క్రొత్తవారి కప్పగించిరి. ఆనాటి చలిలో నిలువబడి జలుబు చేసి, అది ముదిరి, ఆ నెల 30వ తేదీన ఆమె కన్నుమూసెను. పుస్తకములు మాత్రము ఆ యింటనే నిలిచినవి. అవి చదివినవారు ఆమె కేమియు గారు.

ఇంటిని విడిచిపోవు వేడుకయును అచట విచిత్రము. 1937 మొదలు ప్రమాణస్వీకారము జనవరి 20వ తేదీన జరుగుచున్నది. అధ్యక్షుడు మాఱునపుడు, ప్రాతవారు గడప దాటినది మొదలు సాయంకాలమునకు క్రొత్తవారి బట్టలు అలమారులలో నుండవలెను. మా సామాను ఎడ్లబండికి పట్టినంతయే యైనను మాకు మూడు దినములు పట్టును! గోడలైన స్థిరమా యన్న, 1948లో ట్రూమను కూతురి పియానో కాలు నేలబల్లలలోనికి దిగబడెను. పరీక్షింపగా లోపలంతయు శిథిలమని తేలెను. వెలుపలి గోడలు మాత్రముంచి లోపలిదంతయు తొలగించి మరల కట్టి 1952లో ముగించిరి. అధ్యక్షుల భార్యల కచేరీ లుండిన తూర్పుభాగమును 2025 అక్టోబరులో పూర్తిగా పడగొట్టిరి.

ఈ చదువు నడుచునపుడే మా యెదురింటి పిన్నిగారు పెరటిలో నాటుమని కరివేప పిలక యొకటి తెచ్చి యిచ్చిరి. "వారము దినములలో పోవువారము, మాకెందుకు పిన్నిగారూ?" అంటిని. దానికొక కారణము కలదు. మునుపటి యూరిలో నేను నీళ్లు పోసి పెంచిన పారిజాతమును మేము వచ్చిన నెలకే కొట్టివేసిరని తెలిసి రెండు దినములు అన్నము సహింపలేదు. అద్దె యింట చెట్టు నాటరాదని ఆనాడే నిశ్చయించుకొంటిని.

ఆ రాత్రియే చదివిన కథ యిది. ఆండ్రూ జాక్సను అధ్యక్షుడుగా నెన్నికయ్యెను గాని, ఆ యింట కాలుపెట్టకమునుపే 1828 డిసెంబరులో ఆయన భార్య రేచెల్ గతించెను. ఆమె జ్ఞాపకార్థము ఆయన శ్వేతసౌధము దక్షిణపు వాకిట మాగ్నోలియా చెట్టు నాటించెనని పరంపరగా చెప్పుదురు. ఎందఱెందఱో అధ్యక్షులు దాని నీడను నడచిరి. అది జీర్ణించి కూలు స్థితికి రాగా 2025 ఏప్రిలులో కొట్టివేసిరి. ఆ చోటనే దాని సంతతి మొక్కను నాటిరి. ఎవరి కొఱకు నాటిరో ఆమె ఆ చెట్టును చూడలేదు. దాని నీడ ననుభవించినవా రామె నెఱుగరు.

మఱునాడు ఉదయమే లేచి, బావి ప్రక్కను గుంట త్రవ్వి ఆ పిలకను నాటితిని. "పోవువారికి ఇదేమి పని?" అని మావారు నవ్విరి. పిల్ల చెంబుతో నీళ్లు పోసినది. దానికి పోటీలో రెండవ బహుమతి వచ్చినది. ఇల్లు విడిచిన దినమున తాళములు యజమానురాలి కిచ్చి, "పెరటిలో కరివేప మొక్క కలదు, వచ్చువారిని నీళ్లు పోయుమనండి" అని చెప్పి బండి యెక్కితిని. వారు పోయుదురో కొట్టివేయుదురో వారి ఇష్టము. ఈసారి నేను వెనుదిరిగి చూడలేదు.