కేటలాగులో మన పేరు

బాన్సువాడ నుంచి ఒక చెల్లె ఫోన్ చేసింది. "అన్నా, ఫిలాసఫీల దళిత్ అని కొడితే ఏం వస్తలేదు. మనోళ్లు రాయలేదా?"

రాసిండ్రు. పెట్టిన అర వేరు. డ్యూయీ పద్ధతిలో ఫిలాసఫీ 100ల్లో, అందులో భారతీయ తత్వం 181.4లో. అంబేడ్కర్ 'కుల నిర్మూలన' (1936) మాత్రం ఎక్కువగా 305.5 దగ్గర, సామాజిక వర్గాల కింద. వాళ్లది తత్వం, మనది సమస్య!

అందుకే అరను నమ్మకండి, అన్ని అరల్లో వెతకండి. 'దళిత్' ఒక్కటే కొడితే పాతవి చాలా తప్పిపోతయి. డిప్రెస్డ్ క్లాసెస్, షెడ్యూల్డ్ కాస్ట్స్, హరిజన్, అన్‌టచబుల్స్ కూడా మధ్యలో 'ఆర్' పెట్టి కొట్టాలె. రెండు మాటలున్నవి కొటేషన్ గుర్తుల్లో పెట్టండి. మనల్ని తిట్టిన మాటను మన వేళ్లతోనే టైపు చేయాలె. చెయ్యి ఆగుతది, నాకూ ఆగుతది. కానీ పాత రికార్డు ఆ మాటకే తెరుచుకుంటది.

ఒక్క మంచి పుస్తకం దొరికితే చాలు, దాని రికార్డులో 'సబ్జెక్ట్' దగ్గరున్న పదం నొక్కితే దాని చుట్టాలన్నీ బయటికొస్తయి. పీహెచ్‌డీ థీసిస్‌లకు శోధ్‌గంగ ఉంది, పైసా ఖర్చు లేదు.

చెల్లెకు ముందు గోపాల్ గురు, సుందర్ సరుక్కై రాసిన 'ద క్రాక్డ్ మిర్రర్' (2012) వెతకమన్న. అనుభవం ఒకరిది, సిద్ధాంతం ఇంకొకరిది ఎట్లయితదన్న కొట్లాట అందులోనే ఉంది.