ఐ. పోలవరము దారిలోని పేరుపలకలు

ముమ్మిడివరమునుండి యానామునకు బోవు 216వ జాతీయ రహదారిమీద మన సోదరీమణులు పెక్కుమారులు ప్రయాణము చేసియుందురు. బండి వేగముగా బోవుచుండగా ప్రక్కనున్న పలకలను చదువు తీరిక మనకుండదు. చదివి, ఆ పేర్ల వెనుక నేమున్నదో విచారించినచో మూడువందల యేండ్ల కథ బయటపడును.

మొదట ఐ. పోలవరమను పేరునే చూడుడు. ఆ తొలి యక్షరము తెలుగు గాదు. ఎగువన పాపికొండల చెంత మఱియొక పోలవరముండుటచే దీనికి ఐలాండ్ పోలవరమని పేరు వచ్చి, అది కుదించుకొని యొక్క యక్షరమైనది. లంక యను చక్కని మాట మనకుండగా ఇంగ్లీషు ముక్క యేల యని నాకు దోచును. కాని యిప్పుడు దానిని మార్చినయెడల ఉత్తరము లే యూరికి జేరునో!

ఈ మండలములోనిదే మురమళ్ల. అచట భద్రకాళీ వీరేశ్వరులకు ప్రతిదినమును కల్యాణము జరుగును. బిడ్డలకు పెండ్లి కుదురవలెనని మ్రొక్కుకొన్నవారు దూరదూరమునుండి వచ్చి స్వామికి కల్యాణము చేయింతురు. పెండ్లి ప్రసక్తి ముందు మరల వచ్చును గనుక దీనిని జ్ఞప్తియందుంచుకొనుడు.

తరువాత ఎదుర్లంక. లోకసభాధ్యక్షులైయుండి 2002లో హెలికాప్టరు ప్రమాదమున మరణించిన బాలయోగిగారు ఈ యూరివారే. ఇచట గౌతమిమీది వంతెనకు ఆయన పేరే పెట్టిరి. వంతెన లేని దినములలో పడవయు పంటును ఆధారములు. ఈవల ఇంగ్లీషువారి సీమ, ఆవల ఫ్రెంచివారి యానాము, నడుమ ఏరు.

ఫ్రెంచివారు యానాములో 1723లో వర్తకమునకై దిగిరి. పొరుగుననున్న ఇంజరములో ఇంగ్లీషు కంపెనీవారు అంతకు ముందే, 1708లో, కోఠీ పెట్టి సన్నని బట్టలు కొనుచుండిరి. ఈ దొరలిరువురికి యుద్ధము వచ్చినప్పుడెల్ల మన యూళ్లు చేతులు మారెడివి. 1839 నవంబరు గాలివాన యానామును పాడుచేసెను. 1954 జూన్ 13న అచట ఫ్రెంచివారి యేలుబడి తుదముట్టెను.

పలకలపై వ్రాయించుటకు ఎవరికిని మనసొప్పని పేరొకటి యానామునకు గలదు. అది కల్యాణపురము.

1929లో శారదాచట్టము పుట్టి, 1930 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చెను. 14 ఏండ్లు నిండని బాలికకును, 18 ఏండ్లు నిండని బాలునకును పెండ్లి చేయుట నేరమయ్యెను. చేయించిన పురోహితునకును, చేసిన తండ్రికిని ఒక నెలవఱకు ఖైదో, వేయి రూపాయలవఱకు జరిమానాయో, రెండునో తప్పవు. స్త్రీలకు మాత్రము ఖైదు లేదని అందే వ్రాసిరి. అయితే ఆ చట్టము బ్రిటిషు ఇండియాకొఱకు చేసినది. గౌతమి దాటినచో దాని బలము చాలకపోయెను. అందుచేత తెలుగు జిల్లాలనుండి పెండ్లివారు బిడ్డలను వెంటబెట్టుకొని యానామునకు వెడలి, అచట ముహూర్తములు పెట్టించుకొనిరి. ఏడెనిమిదేండ్ల పిల్లకు ఆ పయనము పడవ షికారుగానే తోచియుండును. మెడలో పడిన సూత్రమునకు అర్థము తరువాత గదా తెలియునది!

విచిత్రమేమన, 1804 నాటి ఫ్రెంచి పౌరధర్మశాస్త్రము బాలికలకు పెండ్లియీడు 15 ఏండ్లని నిర్ణయించెను. మన శారదాచట్టముకంటె అది యొక యేడెక్కువ. కాని ఆ నియమము ఫ్రెంచివారికిని, 1881 తరువాత తమ పూర్వాచార ధర్మమును త్యజించి ఆ శాస్త్రమును స్వీకరించిన కొందఱికిని మాత్రమే చెల్లెను. తక్కినవారి ఆచారములను దొరతనమువారు ముట్టరైరి. ఇది ఔదార్యమని కొందఱందురు. తమ బిడ్డలకొక న్యాయము, మన బిడ్డలకొక న్యాయమని నేనందును.

ఇదే గోదావరికి ఎగువన, రాజమహేంద్రవరములో, వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న తొలి వితంతువివాహము చేయించిరి. పసితనమున పెండ్లియై, భర్త మొగమైన ఎఱుగక వైధవ్యము పొందిన పిల్లల దుఃఖమే వారిని ఆ సాహసమునకు పురికొల్పినది. అటుపిమ్మట అర్ధశతాబ్దము గడచినను, దిగువన పెండ్లిపడవలు ఏరు దాటుచునే యుండెను.

ఇప్పుడు 2006 నాటి చట్టముచే ఆడుపిల్లకు 18, మగపిల్లవానికి 21 ఏండ్లు నిండవలెను. ఫ్రెంచి ధర్మశాస్త్రమును స్వీకరించిన పుదుచ్చేరివారిని మాత్రము ఆ చట్టముకూడ విడిచిపెట్టినది.

ఆనాటి యానాము పెండ్లికూతుండ్రలో బ్రదికియున్నవారికి నేడు తొంబది యేండ్లు సమీపించియో, దాటియో యుండును. మీ యింటనో ఇరుగుపొరుగుననో అట్టి యవ్వగారున్నచో ఆమెచెంత కూర్చుండి, ఎన్నవయేట పెండ్లియైనది, ఏ రేవున పడవ యెక్కినది, ఎవరు ఎత్తుకొని దింపినది అడిగి, ఆమె చెప్పినది చెప్పినట్లు ఒక నోటుపుస్తకమున వ్రాసి యుంచుడు. ఆమె పేరు వ్రాయుట మఱవకుడు.